చూపు తిప్పకుండా చెయ్యి చేరాలి: కారు డాష్‌బోర్డు మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కొత్త కారు కొనబోతున్నాం. ఇంట్లో అందరికీ డాష్‌బోర్డు నిండా తెర ఉన్న మోడల్ నచ్చింది. నాకేమో చెయ్యి చాపగానే తగిలే నాబ్‌లే నయమనిపిస్తోంది. ఇది పాత అలవాటు మీద మమకారమేనా, నిజంగా తేడా ఉందా?

జవాబు: తేడా ఉంది. దాన్ని గడియారం పెట్టి కొలిచినవాళ్లూ ఉన్నారు. 2022లో స్వీడన్ కార్ల పత్రిక వి బీలాగరే పదకొండు కొత్త కార్లను, వాటితోపాటు 2005 నాటి ఒక వోల్వో వీ70ని గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి చూసింది. నడిపేవాళ్లకు ఆ కారు అలవాటు కావడానికి ముందే సమయం ఇచ్చారు. తర్వాత నాలుగు పనులు చెప్పారు. సీటు హీటరు వేసి, రెండు డిగ్రీలు వేడి పెంచి, అద్దం మీది మంచునూ మసకనూ పోగొట్టే డీఫ్రాస్టర్ వేయడం మొదటిది. రేడియోలో ఫలానా స్టేషన్ పెట్టడం, ట్రిప్ మీటరును సున్నా చేయడం, మీటర్ల వెలుతురు తగ్గించి మధ్య తెరను ఆపేయడం మిగతా మూడు. బటన్ల వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయ్యాయి, ఆలోపు కారు 306 మీటర్లు వెళ్లింది. అన్నిటికన్నా వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌కు 44.9 సెకన్లు పట్టింది, 1,372 మీటర్లు దాటింది.

కారణం చేతికీ కంటికీ ఉన్న సంబంధంలో ఉంది. నాబ్ ఎక్కడుందో కొన్నాళ్లకు చేతికి తెలిసిపోతుంది. వేలికి అంచు తగులుతుంది, తిప్పితే టక్కుమంటుంది, ఎన్ని టక్కులు తిప్పామో లెక్క తెలుస్తుంది. కన్ను ఒక్కసారి అటు వెళ్లినా వెంటనే రోడ్డు మీదికి తిరిగొస్తుంది. గాజు తెర మీద అంచు లేదు, లోతు లేదు. వేలు బొమ్మను తాకేదాకా కన్ను దాని వెంటే ఉండాలి, తాకాక పని జరిగిందో లేదో చూడ్డానికి మళ్లీ వెళ్లాలి. కారు గతుకులో పడితే వేలు పక్క బొమ్మ మీద పడుతుంది, మొత్తం మొదటికి వస్తుంది.

అమెరికా రవాణా భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి పనికి ఒక్కో చూపు 2 సెకన్లు దాటకూడదు, పని మొత్తానికి చూపులన్నీ కలిపి 12 సెకన్లు మించకూడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లంటే 44 మీటర్లు.

అలాగని ఒకేలాంటి చిన్న బటన్లు నలభై వరసగా పేర్చిన డాష్‌బోర్డు కూడా గొప్పదేమీ కాదు, దాన్నీ చదువుకోవాల్సిందే. మ్యాపు, రివర్స్ కెమెరా, ఏడాదికోసారి మార్చే సెట్టింగులు తెర మీదే బాగుంటాయి. ఏ పని ఎక్కడ ఉందన్నది చూసి ఎంచుకోండి.

ప్రశ్న: అయితే ఏయే పనులకు కచ్చితంగా విడి మీటలు ఉండాలి?

జవాబు: యూరప్‌లో కార్లకు భద్రతా నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఐదింటిని లెక్కలోకి తీసుకుంటోంది: ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర ఎస్ఓఎస్ పిలుపు. వీటికి తాకితే తెలిసే విడి మీటలు లేకపోతే మార్కులు తగ్గుతాయి. ఇది చట్టం కాదు. కానీ నక్షత్రం తగ్గడం కంపెనీలకు పెద్ద దెబ్బే.

ఆ ఐదు కనీస అవసరాలు. మా లెక్కలో ఇంకా ఉన్నాయి: వాల్యూమ్, ఫ్యాన్ వేగం, ఉష్ణోగ్రత, ముందు వెనక అద్దాల మసక పోగొట్టే డీఫాగర్లు, బయటి గాలి లోపలికి రాకుండా చేసే రీసర్క్యులేషన్, హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు. వేగంగా వెళ్తున్నప్పుడు ఉన్నట్టుండి అవసరం పడేవన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. ముందున్న లారీ నుంచి పొగ వస్తే రీసర్క్యులేషన్ ఆ క్షణంలోనే కావాలి, మూడో మెనూలో ఉంటే ఏం లాభం?

వైపర్ల విషయంలో ఒక కోర్టు తీర్పు కూడా ఉంది. జర్మనీలో ఒక టెస్లా డ్రైవరు వానలో వైపర్ల వేగాన్ని తెర మీద మారుస్తూ రోడ్డు దిగి ప్రమాదానికి గురయ్యాడు. నడుపుతూ ఎలక్ట్రానిక్ పరికరం వాడితే పడే శిక్షే దీనికీ వర్తిస్తుందని కార్ల్‌స్రూహ్ హైకోర్టు 2020 మార్చిలో తేల్చింది. 200 యూరోల జరిమానా, ఒక నెల డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. ఆ తెర కంపెనీ బిగించిందే అయినా బాధ్యత నడిపేవాడి మీదే పడింది.

ప్రశ్న: షోరూమ్‌లో అరగంట టెస్ట్ డ్రైవ్ ఇస్తారు. అంతలో డాష్‌బోర్డు మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అరగంట చాలు, కానీ మొదటి పది నిమిషాలు కారు కదపకండి. సీటు, అద్దాలు మీకు తగ్గట్టు సర్దుకుని బెల్టు పెట్టుకోండి. బెల్టు లేకుండా ముందుకు వంగి తెరను తాకితే అన్నీ అందుతున్నట్టే ఉంటుంది, అసలు దూరం తెలియదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఇవ్వండి.

ఎదురుగా దూరంగా ఉన్న ఒక గుర్తు మీద చూపు నిలిపి ఈ పనులు ఒక్కొక్కటీ చేయండి: ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గించడం, గాలిని ముఖం మీంచి ముందు అద్దం మీదికి మళ్లించడం, వెనక అద్దం డీఫాగర్ వేయడం, పాట ఆపడం, వైపర్ వేగం మార్చడం. ముఖ్యంగా తెర మీద మ్యాపు ఉండగానే చేయండి. చాలా కార్లలో మ్యాపు వచ్చాక ఏసీ బొమ్మలు మాయమవుతాయి. ఒక్కో పనికి ఎన్నిసార్లు చూపు తెర మీదికి వెళ్లిందో, అన్నిటికన్నా పెద్ద చూపు ఎంతసేపు నిలిచిందో పక్కవాళ్లను రాయమనండి. మొదటిసారి ఎవరికైనా తడబాటు ఉంటుంది, అందుకే ప్రతి పనీ ఐదుసార్లు చేయండి. ఐదోసారికి కూడా రెండు సెకన్ల చూపు అవసరమైతే అది అలవాటుతో పోయేది కాదు, ఆ అమరికే అంత.

తర్వాత ఇంజిన్ ఆపి, తలుపు తీసి మూసి, ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేసి వెంటనే రివర్స్ గేరు వేయండి. కెమెరా బొమ్మ ఎంతసేపటికి వచ్చింది? కొన్ని తెరలు నిద్ర లేవడానికి తీసుకునే సమయంలో మీరు సగం వెనక్కి వెళ్లిపోతారు.

పగటి ఎండ తెర మీద పడేలా కారు తిప్పి చూడండి. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు వాడేవాళ్లు అవి పెట్టుకునే చూడాలి. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే కాంతి ఒకే తలంలో కంపిస్తుంది, కళ్లద్దాల తలం దానికి అడ్డంగా ఉంటే తెర నల్లబడిపోతుంది. ముందు అద్దం మీద వేగం చూపించే హెడ్‌అప్ డిస్‌ప్లేకైతే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

చివరిగా బటన్లలా కనిపించే వాటిని నొక్కి చూడండి. నిజంగా లోపలికి వెళ్తున్నాయా, లేక నున్నటి ప్లాస్టిక్ మీద గీసిన గుర్తులేనా? ఫోక్స్‌వాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్‌లో వాల్యూమ్‌కు, ఉష్ణోగ్రతకు తాకి జరిపే పట్టీలు పెట్టారు. వాటికి మొదట్లో వెలుతురు కూడా లేదు, రాత్రిపూట తడుముకోవాల్సి వచ్చేది. ఇలాంటివి తెరతో సమానం. ఒక్కోసారి అంతకన్నా అన్యాయం, ఎందుకంటే చెయ్యి ఆనించినా పనిచేసేస్తాయి.

ప్రశ్న: వానలో లోపలి అద్దం మసకబారుతుంది. నా కారులో ఏసీ అంతా తెరలోనే. కంగారులో ఏది నొక్కాలో తెలియడం లేదు.

జవాబు: ముందుగా మసక లోపలో బయటో తేల్చుకోండి. వేలితో లోపల గీస్తే చెరిగితే లోపలిది. గాలిని ముందు అద్దం మీదికి మళ్లించాలి, ఏసీ వేయాలి, రీసర్క్యులేషన్ ఆపి బయటి గాలి రానివ్వాలి, ఉష్ణోగ్రత పెంచాలి, ఫ్యాన్ ఎక్కువ చేయాలి. వేడి పెట్టి ఏసీ ఎందుకు అంటారేమో. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, వేడి గాలి అద్దం మీది తేమను పీల్చుకుంటుంది. రెండూ కలిస్తేనే త్వరగా తేరుకుంటుంది. వైపర్ వేస్తే చెరిగేది బయటి మసక. ఉక్కపోత వాతావరణంలో చల్లటి గాలి అద్దానికి తగలడం వల్ల వస్తుంది. అప్పుడు గాలిని అద్దం మీంచి తప్పించి, ఉష్ణోగ్రత కాస్త పెంచండి.

మొదటి ఐదు పనులనూ ఒకే దెబ్బకు చేసే మ్యాక్స్ డీఫ్రాస్ట్ బటన్ దాదాపు అన్ని కార్లలో ఉంటుంది. అది తెర లోపలే ఉంటే కారు ఆపి ఉన్నప్పుడు కింది వరసలోకో, షార్ట్‌కట్ల జాబితాలోకో తెచ్చుకోండి. స్టీరింగ్ మీద నక్షత్రం గుర్తు బటన్ ఉంటే మాన్యువల్ చూడండి, కొన్ని మోడళ్లలో దానికి మీకు కావలసిన పని అప్పగించవచ్చు. ఏసీని ఆటో మోడ్‌లో ఉంచి నడిపినా తెరతో పని సగానికి సగం తగ్గుతుంది. వాన మొదలయ్యే ముందే ఇవన్నీ చేసుకోవాలి.

ప్రశ్న: ఇన్ని ఇబ్బందులుంటే కంపెనీలు బటన్లు ఎందుకు తీసేశాయి? మళ్లీ వస్తాయా?

జవాబు: తెర కొత్త ఆలోచన కాదు. 1986లోనే బ్యూయిక్ రివియెరాలో రేడియోనూ ఏసీనీ నడిపే టచ్‌స్క్రీన్ పెట్టారు, పాత టీవీలలో ఉండే పిక్చర్ ట్యూబు రకం. రోడ్డు మీంచి చూపు తిప్పాల్సి వస్తోందని కొన్నవాళ్లు అప్పుడే ఫిర్యాదు చేశారు, కొన్నేళ్లకు దాన్ని తీసేశారు. 2001లో బీఎండబ్ల్యూ తెరను పైన ఉంచి, తిప్పే నాబ్‌ను చేతి దగ్గర పెట్టింది. 2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల తెరతో వచ్చాక పోటీ మొదలైంది. 2018 మే నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకూ రివర్స్ కెమెరా తప్పనిసరి కావడంతో తెర ఎలాగూ పెట్టక తప్పలేదు. పెట్టిన తెరలోకే మిగతావన్నీ నెట్టేశారు.

డబ్బు లెక్క ఇంకొకటి. ఒక్కో స్విచ్చికి అచ్చు, వైరు, కప్లరు, లోపలి దీపం, వేల నొక్కుళ్ల పరీక్ష కావాలి. స్టీరింగ్ ఎడమనున్న దేశాలకూ కుడినున్న దేశాలకూ వేరువేరుగా తయారు చేయాలి. తెర అయితే బొమ్మ మారిస్తే చాలు, కారు అమ్మాక కూడా మార్చవచ్చు. ఇవి వ్యాపారానికి సబబైన కారణాలే. నడిపేవాళ్లకు మాత్రం వాటివల్ల ఒరిగింది తక్కువ.

తిరుగు ప్రయాణం మొదలైంది. వాల్యూమ్, రెండు వైపుల ఉష్ణోగ్రత, ఫ్యాన్, హజార్డ్ లైట్లకు ఐడీ.2ఆల్‌తో మొదలుపెట్టి ప్రతి మోడల్‌లోనూ విడి బటన్లు పెడతామని, ఆ పొరపాటు మళ్లీ చేయమని ఫోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ 2025లో చెప్పారు. మాజ్డా 2019 మాజ్డా3లో తెర తాకే పద్ధతినే వదిలేసి నాబ్‌కు వచ్చింది. కార్లకు అవతల కూడా ఇదే జరిగింది. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ మరో ఓడను ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో టచ్‌స్క్రీన్ నియంత్రణల తికమక బయటపడింది. తర్వాత ఆ తరగతి నౌకల్లో వేగాన్ని చేతి మీటలకే మార్చాలని నౌకాదళం నిర్ణయించింది.

ప్రశ్న: ఎవరూ తాకకుండానే తెర దానంతటదే నొక్కుకుంటోంది. రేడియో మారిపోతుంది, ఫోన్ కాల్స్ వెళ్తున్నాయి. మధ్యాహ్నం ఎండలో ఎక్కువ.

జవాబు: మీరు చెప్పిన చివరి మాటే అసలు ఆనవాలు. గాజు కింద కంటికి కనిపించని సన్నటి వాహక గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. వేలు దగ్గరకొస్తే అక్కడి విద్యుత్ ఆవేశం కొద్దిగా మారుతుంది, దాన్ని బట్టి తాకిన చోటు తెలుస్తుంది. వేడికి గాజునూ కింది పొరనూ అతికించిన జిగురు వదులైతే మధ్యలో గాలి చేరి కొలత తప్పుతుంది. తెరను పక్కనుంచి చూడండి. బుడగలు, సాలెగూడు లాంటి గీతలు, అంచున పసుపు చార కనిపిస్తే జిగురు పోయినట్టే.

అంత ఖర్చుకు వెళ్లే ముందు తేలిక కారణాలు ఒక్కొక్కటీ కొట్టేయండి. ఫోన్ కేబులు, సిగరెట్ సాకెట్లో పెట్టిన చార్జరు తీసేసి ఒకరోజు నడపండి. నాసిరకం చార్జరు విద్యుత్తులో పుట్టే రొద తెరను తికమక పెడుతుంది. పైన అంటించిన స్క్రీన్ గార్డు పీకేయండి, అంచుల్లో దుమ్ము, తడి చేరి ఉంటాయి. తెర ఆపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి తుడవండి. నీళ్లు తెర మీద నేరుగా చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు, డాష్‌బోర్డు పాలిష్ పైపూతను తినేస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి. ఒకే అంచు దగ్గర దొంగ నొక్కుళ్లు వస్తుంటే చుట్టూ ఉన్న ఫ్రేము బిగుసుకుని గాజును ఒత్తుతోందేమో చూడాలి.

ఇవేవీ కాకపోతే టచ్ గాజు మార్చాలి. తెరా గాజూ కలిపి పారదర్శక జిగురుతో అతికించిన రకమైతే విడదీయబోయి తెరను పగలగొట్టే ప్రమాదం ఎక్కువ, అప్పుడు రెండూ కలిపి మార్చడమే మేలు. యూనిట్ మొత్తం మారిస్తే కొత్తదాన్ని మీ కారు ఛాసిస్ నంబరుకు జతచేయాల్సి రావచ్చు. పాత సామాన్ల దుకాణంలో దొరికినది కొనేముందు ఈ సంగతి అడగండి.

ప్రశ్న: నడుపుతుండగా తెర మొత్తం నల్లగా అయిపోయింది. బ్రేకులూ ఆగిపోతాయేమోనని భయం వేసింది.

జవాబు: బ్రేకులు, స్టీరింగ్, ఇండికేటర్లు తెర మీద ఆధారపడవు. వాటిని నడిపే కంప్యూటర్లు వేరు. పోయేవి కెమెరా, మ్యాపు, ఏసీ మార్పులు, కొన్ని కార్లలో వేగం చూపించే అంకెలు కూడా. ఏసీ సాధారణంగా చివరిగా పెట్టినచోటే నడుస్తుంది. నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. చాలా కార్లలో తెర పవర్ బటన్‌నో వాల్యూమ్ నాబ్‌నో పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మళ్లీ మొదలవుతుంది. టెస్లాలో స్టీరింగ్ మీది రెండు చక్రాలనూ కలిపి నొక్కి పట్టాలి.

మళ్లీ మళ్లీ జరుగుతుంటే ముందు 12 వోల్టుల బ్యాటరీ చూపించండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కు పడితే అది సగమే నిండినట్టు. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా కుంగితే తెర ఆగి మొదలవుతుంది. బ్యాటరీ బాగుంటే లోపలి మెమరీ చిప్‌ను అనుమానించాలి. ఫ్లాష్ మెమరీకి రాతల లెక్క ఉంటుంది, ఎంత రాస్తే అంత అరుగుతుంది. 2021లో టెస్లా ఈ అరుగుదల వల్లే దాదాపు 1,35,000 పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. వాటిలో 8 గిగాబైట్ల చిప్ అయిపోగానే రివర్స్ కెమెరా, డీఫ్రాస్ట్ సెట్టింగులు, ఇండికేటర్ శబ్దం పోయేవి. పెద్ద తెర ఉన్న పాత కారు కొంటుంటే ఆ బోర్డు మార్చారా అని అడిగి, రసీదు చూడండి.

ప్రశ్న: స్టీరింగ్ మీద వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే పాట మారుతోంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా?

జవాబు: చాలావరకు కాదు. అనేక కార్లలో స్టీరింగ్ బటన్లన్నీ కలిపి రెండే వైర్ల మీద నడుస్తాయి. ఒక్కో బటన్ ఒక్కో విలువ గల రెసిస్టరును కలుపుతుంది. వచ్చిన వోల్టేజీని బట్టి ఏది నొక్కారో యూనిట్ పోల్చుకుంటుంది. బటన్ కింది కాంటాక్టుకు మురికి పట్టినా, కార్బన్ గుండీ అరిగినా అదనపు నిరోధం చేరి, విలువ పక్క బటన్ విలువలోకి జారుతుంది. గట్టిగా నొక్కితే సరిగా పనిచేసి, మెల్లగా నొక్కితే తప్పుతుంటే ఇదే కారణం. మల్టీమీటరుతో ఆ రెండు వైర్ల మధ్య ఓమ్‌లు చూస్తూ నొక్కమనండి, ఒత్తిడితో అంకె మారకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాంటాక్టులు తుడిస్తే ఎక్కువ వాటికి నయమవుతుంది.

బటన్లతోపాటు హారన్ కూడా పోయి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే కథ వేరు. స్టీరింగ్ కింద చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ పట్టీ తెగింది. దీన్ని సొంతంగా విప్పకండి. తెలిసిన మెకానిక్ అయినా బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ కప్లరుకు మల్టీమీటరు తగిలించకూడదు. కొత్తది బిగించేటప్పుడు చక్రాలు నిటారుగా ఉండి, పట్టీ మధ్య స్థానంలో ఉండాలి. లేకపోతే మొదటి పూర్తి మలుపుకే మళ్లీ తెగుతుంది.

ప్రశ్న: బటన్లు మంచివంటారు సరే, నా కారులో ఫ్యాన్ నాబ్ 1, 2, 3 మీద పనిచేయదు, 4 మీదే తిరుగుతుంది!

జవాబు: నాబ్ బాగానే ఉండి ఉంటుంది. బ్లోయర్ రెసిస్టరు కాలింది. తక్కువ వేగాలకు విద్యుత్తు దాని గుండా వెళ్తుంది, 4లో దాన్ని తప్పించుకుని నేరుగా మోటారుకు పోతుంది. రెసిస్టరు మార్చేముందు అది ఎందుకు కాలిందో చూడాలి. బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగడం, మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టరు వల్ల రెసిస్టరుకు చల్లగాలి తగలకపోవడం మామూలు కారణాలు. కప్లరు కరిగి ఉంటే దాన్నీ మార్చండి, లేకపోతే కొత్తదీ కాలుతుంది.

ప్రశ్న: పాత కారుకు ఆండ్రాయిడ్ తెర పెట్టించాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?

జవాబు: మొదట ఖాళీ చూడండి. ఇలాంటి తెరలు పట్టే ఖాళీ కొలతను డబుల్ డిన్ అంటారు, సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. 9, 10 అంగుళాల తెరలు ఈ ఖాళీ దాటి బయటికి వస్తాయి. ఫ్రేమును బిగించకముందే ఆనించి, హజార్డ్ స్విచ్చి, ఏసీ గాలి రంధ్రాలు, ఫ్యాన్ నాబ్ కప్పబడుతున్నాయేమో చూడండి. కప్పబడితే ఆ తెర వద్దు. పాత స్టీరియో ప్యానెల్‌లోనే ఏసీ బటన్లున్న కారైతే అసలు ముట్టుకోకపోవడమే మంచిది.

వైర్లలో పసుపు ఎప్పుడూ 12 వోల్టులుండే బ్యాటరీ లైను, ఎరుపు తాళం తిప్పాక వచ్చేది, నలుపు ఎర్తు. పసుపూ ఎరుపూ తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. రెండూ బ్యాటరీకే కలిపితే తెర నిద్రపోదు, కొన్నాళ్లకు కారు స్టార్ట్ కాదు. నారింజ వైరు హెడ్‌లైట్ల లైనుకు కలపమని పట్టుబట్టండి. బిగించేవాళ్లు తరచూ దీన్ని వదిలేస్తారు, రాత్రి తెర కళ్లలో పొడుస్తుంది. నీలం వైరు యాంటెన్నాకు, దాన్ని కలపకపోతే కొన్ని కార్లలో రేడియో బలహీనపడుతుంది. స్పీకర్లకు తెలుపు, బూడిద రంగు ముందు ఎడమ, కుడి. ఆకుపచ్చ, ఊదా వెనక ఎడమ, కుడి. నల్లచార ఉన్నది నెగటివ్. కంపెనీ వైర్లు కోయనివ్వకండి, మీ మోడల్‌కు సరిపోయే అడాప్టర్ కప్లరు తెప్పించండి.

స్టీరింగ్ బటన్లు పోగొట్టుకోవద్దు. రెసిస్టరు రకమైతే కీ1, కీ2 వైర్లకు కలిపి తెరలోని స్టీరింగ్ సెట్టింగులో ఒక్కోటీ నేర్పాలి. కారులోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే క్యాన్ బస్ లైను మీద బటన్లు నడిస్తే, ఆ సంకేతాలను తెరకు అర్థమయ్యేలా మార్చే డీకోడర్ పెట్టె విడిగా కావాలి. హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్తుకు కలిపేసి నడుపుతుండగా వీడియో వచ్చేలా చేస్తామంటారు. ఒప్పుకోకండి.

ప్రశ్న: తాకడం బదులు మాటతో చెప్తే సరిపోదా?

జవాబు: కొంతవరకే. బ్రిటన్ రవాణా పరిశోధన సంస్థ టీఆర్‌ఎల్ 2020లో సిమ్యులేటర్ మీద చూసినప్పుడు, ఐఫోన్ యాప్‌లను కారు తెర మీద చూపే కార్‌ప్లేను తాకి వాడితే స్పందించే సమయం 57 శాతం, ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే పని చేసే ఆండ్రాయిడ్ ఆటోను తాకితే 53 శాతం పెరిగింది. మాటతో వాడినప్పుడు 36, 30 శాతం. తగ్గింది నిజమే, పోలేదు. చిరునామా చెప్పడానికి, ఫోన్ కలపడానికి మాట మంచిది. అద్దం మసకబారి ఫ్యాన్ పూర్తి వేగంలో హోరెత్తుతున్నప్పుడు మైకు మీ మాట పట్టుకోలేదు. వైపరు, డీఫాగరు పనులు దానికి వదలకండి.

ప్రశ్న: తెర అంచున ఉబ్బెత్తు చుక్కలు అంటించుకుంటే వేలికి దారి తెలుస్తుందని విన్నాను. పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, తెర మీద కాకుండా చుట్టూ ఉన్న ఫ్రేము మీద అంటిస్తే. రోజూ వాడే రెండు మూడు బొమ్మలకు ఎదురుగానే పెట్టండి, ఎక్కువైతే అవీ కలగలిసిపోతాయి. మిగతా వేళ్లను ఫ్రేము అంచుకు ఆనించి, బొటనవేలితో తాకడం అలవాటు చేసుకోండి. గతుకుల్లోనూ చెయ్యి ఊగదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బొమ్మలు అక్కడే ఉన్నాయో లేదో కారు కదపకముందే చూసుకోండి.